టైప్ వన్ షుగర్ ఉన్న పాపని తోటి పిల్లల వాట్సాప్ గ్రూపులో చేర్చొచ్చా?

అక్కా, మీ పాప తొమ్మిదో తరగతి, బడిలో ఇన్సులిన్ ఎగ్గొట్టి వేసుకున్నానని అబద్ధం చెబుతోంది, గ్రూపులో చేరిస్తే బాగుపడుతుందా, ఫోన్‌కి అతుక్కుపోతుందా అని అడిగారు. చేర్చండి. నాకు పదమూడో ఏట వచ్చింది, పలాస దగ్గర మా ఊరు, ఇప్పుడు డిగ్రీ.

ఆ అబద్ధం నేనూ రెండేళ్లు ఆడాను. ఇంటికి ఎవరొచ్చినా "ఏటమ్మా, ఇంత పిల్లడికి సుగరేటి, తీపి ఎక్కువ తినేసినాడేటి" అనేవారు (టైప్ వన్ తీపి తింటే రాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ చేసే కణాల్ని పాడుచేస్తుంది, ఈ ముక్క చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది). అమ్మకి చెబితే ఏడుస్తుంది, డాక్టరుగారి దగ్గర ఐదు నిమిషాలు. గ్రూపులో బొబ్బిలి అమ్మాయి ఒకతి "బాత్రూంలో కంపు, నేను చివరి బెంచీలో కూర్చుని వేసేసుకుంటా" అని రాసింది. మర్నాడు నేనూ క్లాసులోనే వేసుకున్నా. తిత్లీ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోతే తడి ఇసుక పోసిన కుండలో ఇన్సులిన్ దాచుకున్న సంగతి కూడా అక్కడే ఒకడు చెప్పాడు.

అయితే దెబ్బ కూడా అక్కడే తిన్నాను. ఎవడో ఇడ్లీకి 12 యూనిట్ల ఇన్సులిన్ అన్నాడని నేనూ అంతే వేసుకుని శ్రీకాకుళం బస్సెక్కాను. టెక్కలి దాటాక చేతులు వణుకు, చొక్కా తడిసిపోయింది, షుగర్ మీటరు 54, అంటే బాగా పడిపోయింది. సంచిలో అత్తకి పంపిన కిలో జీడిపప్పు తప్ప ఏమీ లేదు, అదే నములుతూ గ్రూపులో మీటరు ఫోటో పెట్టాను. నిమిషంలో ఒకడు "ఒరేయ్ జీడిపప్పు కాదురా, అందులో కొవ్వు, షుగర్ ఎక్కేసరికి నువ్వు పడిపోతావ్, పంచదారో కూల్‌డ్రింకో అడుగు" అన్నాడు. పక్క సీటు పెద్దాయన మాజా సీసా ఇచ్చారు, పావుగంటకి 82. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల పంచదార, అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి అని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు, బుర్రకెక్కింది మాత్రం ఆ బస్సులో.

కాబట్టి డోసు మాత్రం డాక్టరుగారినే అడగమనండి, ఒకరి లెక్క ఇంకొకరికి కుదరదు. షుగర్ పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్రూపులో రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. గ్రూపు నడిపే పెద్దవాళ్లెవరో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఇన్సులిన్ మానేయించే పొడి అమ్ముతామంటూ దూరేవాళ్లని మా దాంట్లో ఆ రోజే తీసేస్తారు, అలా చేయని చోట వద్దు. తెలియనివాళ్లు విడిగా మెసేజ్ పెడితే జవాబివ్వొద్దని, మీకు చూపించమని పాపకి చెప్పండి.

మొదట్లో తను ఏమీ రాయదు, చదువుతుందంతే. నేను నెల తర్వాత రాశాను, అదీ "మీకూ రాత్రి ఆకలేస్తుందా" అని.