మందు మానేశాక ఈ దిగులేంటి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: తాగుడు మానేసి 47 రోజులైంది. బెంగళూరులో పీజీలో ఉంటున్నారు. తాగే రోజుల్లో కంటే ఇప్పుడే మనసు బరువుగా ఉంది. పొద్దున లేవబుద్ధి కాదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ‘పడుకుని మళ్ళీ లేవకపోతే బాగుండు’ అని అప్పుడప్పుడు అనిపిస్తోంది. ఇది మామూలేనా, కొంచెం తాగితే సర్దుకుంటుందా అని అడిగారు. మీ వయసెంతో తెలీదు కాబట్టి మీరు అనే అంటున్నా, చిన్నవాళ్ళయితే తమ్ముడు అనుకుని చదవండి.

‘లేవకపోతే బాగుండు’ అన్న మాటతో మొదలుపెడతా. దాన్ని మిగతా వాటి మధ్యలో ఇరికించి రాశారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. ఎదుటివాళ్ళు గమనించకూడదని కొంత, గమనిస్తే బాగుండని కొంత. ఆ ఆలోచన ఈ రాత్రి గట్టిగా వస్తే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, పైసా కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేను తాగుడు మానేసిన రోజుల్లో ఇది లేదు, 2022 అక్టోబరులో వచ్చింది. ఫోన్ చేయడానికి మనసు రాకపోతే పక్క గదిలో వాణ్ణి లేపండి. పరువు సంగతి పొద్దున చూసుకోవచ్చు.

ఇక మామూలేనా అంటే, మామూలే. మానేసిన కొత్తలో చాలామందికి ఇలాగే ఉంటుంది. కానీ 47వ రోజున కూడా ‘మామూలే కదా’ అని వదిలేయకూడదు. ఈ రెండో ముక్క నాకెవరూ చెప్పలేదు, అందుకే ఇంత రాస్తున్నా.

నాది మదనపల్లె. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పర్చేజ్ చూసేవాణ్ణి. రోజుకి ఒక హాఫ్, ఆదివారాలకి లెక్క లేదు. ఒకసారి నా అంతట నేనే మానేద్దామని గదిలో తలుపేసుకుంటే రెండో రోజు ఫిట్స్ వచ్చి పడ్డా. (ఇది చదివేవాళ్ళలో రోజూ గట్టిగా తాగేవాళ్ళుంటే దయచేసి ఉన్నపళంగా, ఒంటరిగా ఆపొద్దు. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూస్తుండగానే ఆపాలి.) తర్వాత 2018 నవంబరులో ఒక ప్రైవేటు సెంటర్లో చేరా. పది రోజులు సెలైన్లు, బీ1 ఇంజెక్షన్లు, మాత్రలు. వణుకు తగ్గింది, బిల్లు కట్టించుకుని పంపించేశారు. వణుకు తగ్గితే జబ్బు తగ్గినట్టేనని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నా.

సంక్రాంతికి ఊరెళ్ళేసరికి 55 రోజులు. మా నాయనకి టమాటా మండీలో వ్యాపారం. కొడుకు మందు మానేశాడని మండీ మొత్తానికీ చెప్పిపెట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాడూ భుజం తట్టి, ‘శభాష్‌రా, మొహం తేటపడింది’ అనడమే. మా ఆవిడ చాలా నెలల తర్వాత తన చేత్తో నాకు వడ్డించింది. కనుమ రోజు పొద్దున మిద్దె మీద ఎండకి కూర్చున్నా. కింద పొట్టేలి కూర ఉడుకుతున్న వాసన. మా పాప చెరకు ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. నమిలా. తీపి తెలుస్తోంది, కానీ ఆ తీపి ఇంకెవరి నోట్లోనో ఉన్నట్టుంది. పాప ‘బాగుందా నాయనా’ అని అడిగితే ఏడుపు గొంతు దాకా వచ్చింది. ఇంత మంచి రోజున ఏడుపేంటని ఎవరినడగాలి? చెబితే ‘మళ్ళీ తాగాలనిపిస్తోందా?’ అంటారు. కాబట్టి నవ్వా. తాగే రోజుల్లో కూడా ఆ నాలుగు రోజులు నటించినంత నటించలేదు.

మీరు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదన్నారే, అక్కడే నాకు అనుమానం. మాట్లాడబుద్ధి కాకా, మాట్లాడితే శభాష్‌లు పోతాయనా?

‘కొంచెం తాగితే సర్దుకుంటుందా’ అన్నదానికి సొంత ప్రయోగం ఉంది. 61వ రోజు బెంగళూరు తిరిగొచ్చి, సిల్క్ బోర్డు దగ్గర బస్సు దిగి, గదికి చేరేలోపు ఒక క్వార్టర్ కొన్నా. సర్దుకుంటుంది, అబద్ధమెందుకు. ఒక ముప్పావుగంట సర్దుకుంది. ఆ తర్వాత ఇంకో క్వార్టర్. మర్నాడు దిగులు అలాగే ఉంది, పైన సిగ్గు కలిసింది, 61 పోయి సున్నా అయింది. అందుకే నా లెక్క ఇప్పటికీ 2019 జనవరి నుంచే.

ఆ మర్నాడు నిమ్హాన్స్‌కి వెళ్ళా. హోసూర్ రోడ్డు మీద పదేళ్ళు ఆ గేటు ముందు నుంచే తిరిగాను, లోపలికి ఒక్కసారీ పోలేదు. మనవైపు ఆ పేరు చెబితే ఇప్పటికీ పిచ్చాసుపత్రి అంటారు. లోపల వ్యసనాలకని వేరే విభాగం ఉంది, సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ అని. బెంచీ మీద నా పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న లెక్చరర్ లాంటి ఆయన ఒకరు, అటుపక్క చేతులు వణుకుతున్న లారీ డ్రైవర్ ఒకడు. ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

అక్కడి డాక్టరమ్మ నాకు చెప్పినదాన్ని నా మాటల్లో చెప్తా. మెదడుకి ఒక బ్రేకు, ఒక ఆక్సిలరేటరు ఉంటాయనుకోండి. మందు బ్రేకుని తొక్కుతుంది. ఏళ్ళ తరబడి అలా తొక్కితే, బండి ఆగిపోకుండా మెదడు ఆక్సిలరేటరు పెంచుకుంటూ పోతుంది. మందు ఆపగానే బ్రేకు మీద కాలు లేచిపోతుంది, ఆక్సిలరేటరు మాత్రం తొక్కే ఉంటుంది. వణుకు, చెమటలు, ఫిట్స్ అన్నీ అదే. ఆ గోల చాలామందికి వారం పది రోజుల్లో దిగుతుంది. సంతోషం సంగతి వేరు. రోజూ ఊరమిరపకాయ నంజుకుని తిన్నవాడికి ఒట్టి పప్పన్నం చప్పగా ఉన్నట్టు, మందు ఇచ్చే ఊపుకి అలవాటు పడిన మెదడుకి చెరకు ముక్క ఏమీ అనిపించదు. ఆ రుచి తిరిగి రావడానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. నిద్ర ఇంకా మొండిది. నాకు తెల్లారేదాకా ఒక్క పొడుగున నిద్ర పట్టింది ఐదో నెలలో.

తాగుడు వల్ల వచ్చిన దిగులైతే చాలామందిలో మూడు నాలుగు వారాలకి పలచబడుతుందట. అందుకే డాక్టర్లు మానేసిన వెంటనే డిప్రెషన్ అని పేరు పెట్టకుండా కొన్నాళ్ళు చూస్తారు. ఆ గడువు దాటినా తగ్గకపోతే, లేదా తాగుడుకి ముందునుంచే దిగులుంటే, లేదా చనిపోవాలన్న ఆలోచనలుంటే ఆగి చూడరు. మీ 47 రోజులు ఆ గడువు దాటేశాయి, ఆ ఆలోచన సంగతి మీరే రాశారు. ఇక లెక్క మీరే కట్టండి.

ఆమె నన్నడిగిన ప్రశ్న ఒకటుంది. ‘తాగడం మొదలుపెట్టక ముందు ఎలా ఉండేవారు?’ అని. ఎంత తాగుతారు, ఎప్పట్నుంచి, లివర్ ఎలా ఉందని అప్పటిదాకా అందరూ అడిగారు, ఇది మాత్రం ఎవరూ అడగలేదు. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో రోజుల తరబడి గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. మెస్‌కి పోకుండా, పరీక్ష ఎగ్గొట్టి. దాన్ని అందరూ బద్ధకం అన్నారు, నేనూ అన్నా. మొదటి బీరు తాగిన రాత్రి ఆ బరువు దిగింది. అంటే దిగులు మందు వెనకాల రాలేదు, మందే దిగులు వెనకాల వచ్చింది. మందు తీసేస్తే కింద పాతది అలాగే ఉంది. మీ విషయంలో ఎలాగో నాకు తెలీదు, కానీ ఆ ప్రశ్న మీకు మీరు వేసుకుని, జవాబు డాక్టరుకి చెప్పండి. థైరాయిడ్, బీ12 కూడా చూపించుకోండి. అవి తక్కువైనా నీరసం, దిగులు ఉంటాయి.

నాకు మాత్రలు రాశారు. నాయనకి ఫోన్లో చెబితే, ‘మందు మానేసినోడికి మళ్ళీ మందులేందిరా?’ అన్నాడు. మన భాషలో రెంటికీ ఒకటే మాట కావడం ఇంత చేటు చేస్తుందని అప్పుడే తెలిసింది. డిప్రెషన్ మాత్రలు వేసుకోగానే కిక్కేమీ రాదు. పనిచేస్తున్నట్టు తెలియడానికే రెండు మూడు వారాలు, పూర్తిగా తెలియడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే చాలామంది పదో రోజుకి విసుగొచ్చి పారేస్తారు, నేనూ ఒకసారి పారేశా. భయపడాల్సింది వేరే వాటికి. మెడికల్ షాపులో తెలిసినవాణ్ణి బతిమాలి తెచ్చుకునే నిద్రమాత్రలు అలవాటవుతాయి, ఖర్మ కాలి పైన తాగితే ఊపిరికే ప్రమాదం. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి కూడా ఉన్నాయి, మీకు పనికొస్తాయా అని అడగండి.

మాత్రలతో పాటు నన్ను నిలబెట్టింది ఒక ఫోను. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి పోయేవాణ్ణి, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు తోడుండే సంఘం అది. చర్చి వెనకాల గది, ప్లాస్టిక్ కుర్చీలు, చక్కెర పాకం లాంటి టీ. దేవుడి ప్రస్తావన నాకు కొంచెం ఇబ్బందే, ఇప్పటికీ. అక్కడ నాకు స్పాన్సర్‌గా, అంటే ముందే మానేసి కొత్తవాడికి దారి చూపించే మనిషిగా, దొరికినాయన కన్నడిగ, ఆటో స్పేర్ పార్టుల కొట్టు. పేరు చెప్పను, అక్కడ పేర్లు బయట చెప్పుకోం. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు: ‘ఊట ఆయ్తా?’ భోజనం అయిందా అని. అయింది సార్ అంటే సరే అని పెట్టేసేవాడు. ఇంతేనా, ధైర్యం చెప్పడేంటి అనుకునేవాణ్ణి. ఒకరోజు కాలేదు అన్నా. ‘ముందు తిను, పది నిమిషాల తర్వాత మళ్ళీ చేస్తా, అప్పుడు చచ్చిపోవాలని ఉంటే చెప్పు’ అన్నాడు. నేను చచ్చిపోవాలనుందని అనలేదు. ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అడగలేదు. కింద ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర, రెండు ముద్దలు తిన్నా. మళ్ళీ ఫోన్ వచ్చేసరికి దిగులుంది, కానీ తలుపు దగ్గర నిలబడ్డంత దూరంలో ఉంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఉన్నప్పుడే కాలు జారుతుందని అక్కడ అందరూ చెప్పే మాట. నాకు ఆకలే మొదటి శత్రువు. మానేసిన కొత్తలో తీపి మీదికి మనసు పోతుంది, పోనివ్వండి. నేను జేబులో చెనక్కాయలు, బెల్లం ముక్క పెట్టుకుని తిరిగేవాణ్ణి.

ఆదివారాలు ఆయనే నన్ను లాల్‌బాగ్‌ తోటకి తీసుకెళ్ళేవాడు. అక్కడ కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద కూర్చోబెట్టి, ‘ఈ రాయి వయసు 300 కోట్ల ఏళ్ళంట, నీకు రెండు నెలలకే తొందరా’ అనేవాడు. చాలా చిరాకేసేది. నడిచి ఎక్కినందుకు మాత్రం ఆ రాత్రి కాస్త నిద్ర పట్టేది, అది వేరే విషయం.

ఇంకొకటి మీరు అడగలేదు, కానీ ఇంకొన్ని రోజుల్లో రావచ్చు. మత్తు దిగాక పాత లెక్కలన్నీ ఒక్కసారే మీద పడతాయి. మా పాప చెవి కమ్మలు కుదువ పెట్టి తాగాను. ఆ షాపు వాడు తూకం వేసేటప్పుడు ఆ కమ్మలు ఎంత చిన్నగా కనిపించాయో రెండో నెలలో గుర్తొచ్చింది, తాగే రోజుల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు. వెంటనే మా ఆవిడకి ఫోన్ చేసి అన్నీ ఒప్పుకుంటానని లేచా. స్పాన్సర్ ఆపాడు. ఆ మీటింగుల్లో నేర్పే పన్నెండు మెట్లలో క్షమాపణలు తొమ్మిదోది, నువ్వింకా మొదటి దాని మీద నిలబడటం నేర్చుకుంటున్నావు అన్నాడు. ఆయన మాట కరెక్టు. ఆ రోజు ఒప్పుకుని ఉంటే ఆమె బాధ తగ్గేది కాదు, ఆమె ఓదార్పు కోసం నేను ఎదురుచూసేవాణ్ణి, అంతే. ఉద్యోగం వదిలేయడం, ఊరికి మారిపోవడం, పెళ్ళి తెంచుకోవడం లాంటివి కూడా ఇప్పుడు వద్దు. కమ్మలు తర్వాతి ఏడాది విడిపించా, చెప్పడం కూడా అప్పుడే చెప్పా. రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు పూర్తిగా బాగున్నానా అంటే, దీపావళి చుట్టుపక్కల ఏటా ఒకసారి కిందికి జారుతుంది. జారితే నాలుగో రోజున డాక్టరు దగ్గర ఉంటా, నెల ఆగను.

మీరు నిమ్హాన్స్‌కే వెళ్ళాలని లేదు, దగ్గర్లో సైకియాట్రిస్ట్ ఎవరైనా పర్లేదు. ఎప్పుడు మానేశారు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, తాగుడుకి ముందు ఎలా ఉండేవారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఆ ‘లేవకపోతే’ ఆలోచన ఎన్నిసార్లు వస్తోంది, ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. లోపలికెళ్ళాక ‘బాగానే ఉన్నా డాక్టర్, కొంచెం నిద్రే పట్టట్లేదు’ అని నోరు దానంతటదే అనేస్తుంది, నాకూ అదే జరిగింది, కాగితం చేతికిచ్చేయండి. ఓపీ ఏ రోజులో ముందు కనుక్కుని పొద్దున్నే బయల్దేరండి. లైను పెద్దదే ఉంటుంది, టిఫిన్ తిని వెళ్ళండి.