ఏఐ బ్రాంచికి ఏఐ ల్యాప్‌టాప్ తప్పనిసరా?

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ-ఏఐ అండ్ ఎంఎల్ సీటు తీసుకున్నాం. ల్యాప్‌టాప్ కొందామని షోరూమ్‌కి వెళితే తను మామూలు వాటి వంక చూడనే లేదు. స్క్రీన్ వెనక్కి మడిస్తే ట్యాబ్లెట్ అయ్యేది, పెన్నుతో రాసుకునేది కావాలంటోంది. 98 వేలట. 'ఏఐ చదివేవాళ్లకు ఏఐ ల్యాప్‌టాపే ఉండాలి' అన్నాడు సేల్స్ అబ్బాయి. మా బావమరిదేమో ఐప్యాడ్ కొని కీబోర్డు తగిలిస్తే సరిపోతుందంటాడు. మామూలుది 55 వేలకే వస్తోంది. డబ్బుకు వెనకాడటం లేదు కానీ, తక్కువది కొంటే క్లాసులో మా పాప వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు? - ఒక తండ్రి, ఖమ్మం.

జవాబు: సీటు ఖాయమయ్యేదాకా 'ఏ కాలేజీ, ఏ బ్రాంచి' అని అడిగిన తల్లిదండ్రులే, ఆ మర్నాటి నుంచి 'ఏ ల్యాప్‌టాప్' అని అడగడం మొదలుపెడతారు. ఏటా ఇదే వరస. కంపెనీ పేరు మారుతుంది, ధర మారుతుంది, 'వెనకబడుతుందేమో' అన్న మాట మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

మొదటి ఏడాదిలో మీ పాప చేసేది గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, సీ లాంగ్వేజ్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు. ఆ ప్రోగ్రాములకు పదేళ్ల నాటి కంప్యూటరైనా చాలు. ల్యాబ్‌లో కాలేజీ కంప్యూటర్లు ఎలాగూ ఉంటాయి. ఇంకో సంగతి. మన కాలేజీల్లో ఇప్పటికీ అబ్జర్వేషన్ పుస్తకం, రికార్డు చేత్తోనే రాయించి సంతకం పెడతారు. మిడ్ పరీక్షలూ, సెమిస్టర్ పరీక్షలూ కాగితం మీదే. 98 వేల మెషీన్ మీద ఎంత అందంగా నోట్సు రాసుకున్నా, రికార్డు రాయడానికి మళ్లీ పది రూపాయల పెన్నే పట్టుకోవాలి. మొదటి ఏడాదిలో వెనకబడ్డ పిల్లలను నేను చూశాను. వాళ్లలో ఎక్కువమందిని దెబ్బతీసింది మ్యాథ్స్‌లో ఉండిపోయిన బ్యాక్‌లాగ్, పక్కవాళ్ల ప్రోగ్రాము కాపీ కొట్టే అలవాటు, సందేహం అడగడానికి మొహమాటం. ల్యాప్‌టాప్ మోడల్ వల్ల వెనకబడ్డ పిల్ల నాకింకా తగల్లేదు.

ఇక షోరూమ్ సంగతి. ఉత్తరాలు వస్తుంటాయి కాబట్టి నేనూ అప్పుడప్పుడు వెళ్లి ఆ మెషీన్లు పట్టుకుని చూస్తుంటాను. షోరూమ్‌లో మెషీన్ చూడటం పెళ్లిచూపుల్లాంటిది. అన్నీ ముస్తాబుతో ఉంటాయి, నోరు విప్పి ఏదీ చెప్పవు. వెలుతురు పూర్తిగా పెంచి ఉంటుంది, ఛార్జర్ తీయరు కాబట్టి బ్యాటరీ ఎంతసేపు వస్తుందో తెలీదు, తెరిచి ఉంచేది బొమ్మలు గీసే యాప్ ఒక్కటే. ఆ పెన్ను పట్టుకుంటే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. నేనూ నా సంతకం నాలుగైదు సార్లు పెట్టి, ఒక కొబ్బరి చెట్టు గీసి వచ్చాను. అరచెయ్యి స్క్రీన్ మీద ఆనించినా పిచ్చి గీతలు పడవు, నొక్కి రాస్తే గీత లావవుతుంది. ఈ విషయంలో మీ పాప ముచ్చటపడటంలో తప్పేం లేదు. పెన్ను నిజంగానే బాగుంది. కాకపోతే గాజు మీద కదా, మొన జారుతుంది. మన దస్తూరీ మనకే కొత్తగా కనిపిస్తుంది. అది అలవాటైపోతుంది లెండి.

పెన్ను పక్కన పెట్టి అసలు మెషీన్ చేతిలోకి తీసుకున్నప్పుడు తేడా తెలుస్తుంది. స్క్రీన్‌ను పూర్తిగా వెనక్కి మడిచి ట్యాబ్లెట్‌లా పట్టుకుంటే, కీబోర్డు కింది వైపుకు వస్తుంది. మీటలు పనిచేయవు కానీ మన వేళ్లు వాటి మీదే ఉంటాయి, అదొక రకమైన ఇబ్బంది. ఇలా మడిచే వాటినే కన్వర్టిబుల్ అంటారు. 14 అంగుళాలదాని బరువు దాదాపు కిలోన్నర. మామూలు ట్యాబ్లెట్ అరకిలో అటూ ఇటూ. నిలబడి ఎడమచేత్తో కన్వర్టిబుల్‌ను పట్టుకుని కుడిచేత్తో రాయమనండి, కాసేపటికే మణికట్టు లాగుతుంది. మడవకుండా మామూలుగా బల్ల మీద పెట్టి స్క్రీన్‌ను వేలితో తాకితే ప్రతి తాకుడుకూ అది కొద్దిగా ఊగుతుంది. తెరిచిన విండోను మూసే చిన్న గుర్తు మీద వేలు పెడితే పక్కది నొక్కుకుంటుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఇక అందరూ స్క్రీన్ తాకుతూనే పనిచేస్తారని మైక్రోసాఫ్ట్ అనుకుంది. జనం మళ్లీ మౌస్ దగ్గరికే వచ్చారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు మరీనూ. వాళ్ల చెయ్యి కీబోర్డు దాటి రాదు.

వెనక కాలు తెరిచి నిలబెట్టి, ముందు పల్చటి కీబోర్డు తగిలించుకునే మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ లాంటివి కూడా ఉంటాయి. షోరూమ్ బల్ల మీద అవి ముచ్చటగా నిలబడతాయి. హాస్టల్ గదిలో మీ పాప కూర్చునేది మంచం మీద. ఒళ్లో పెట్టుకుంటే ఆ కాలు పరుపులో దిగబడుతుంది, కీబోర్డు అల్లాడుతుంది. కొనేముందు షోరూమ్‌లో కుర్చీ అడిగి, ఒళ్లో పెట్టుకుని నాలుగు వాక్యాలు టైప్ చేయమనండి. సేల్స్ అబ్బాయి వింతగా చూసినా సరే.

మీ బావమరిది గారి ఐప్యాడ్ సలహా పీడీఎఫ్‌లు చదవడానికి, క్లాసులు వినడానికి, నోట్సు రాయడానికి భేషైనది. కానీ ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో అందులో ఎక్కదు, ల్యాబ్‌లో వాడే చాలా సాఫ్ట్‌వేర్లు కూడా అంతే. రెండో ఏడాదికి ఎలాగూ ల్యాప్‌టాప్ కొనాల్సి వస్తుంది. పైగా ఆపిల్ పెన్సిల్, కీబోర్డు విడిగా కొనాలి, బిల్లు పెరుగుతూ పోతుంది. ఒక్క మెషీనే కొనగలిగితే అది ట్యాబ్లెట్ కాకూడదు. ఈ పోలిక ఇక్కడితో ఆపుతాను. ఎందుకంటే మిమ్మల్ని 98 వేల దాకా లాక్కెళ్లింది ట్యాబ్లెట్ కాదు, 'ఏఐ' అన్న ఆ రెండక్షరాలు.

సేల్స్ అబ్బాయి చెప్పిన ఏఐ ల్యాప్‌టాప్ అంటే ఏమిటో చూడండి. 2024లో మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ అనే ముద్ర తెచ్చింది. అది ఉండాలంటే మెషీన్‌లో ఎన్‌పీయూ అనే ప్రత్యేక చిప్ భాగం సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగలగాలి. వినడానికి ఘనంగానే ఉంటుంది. వీడియో కాల్‌లో వెనక గోడను మసకగా చూపడం, మాటలను అక్షరాల్లో చూపడం, ఇలాంటి పనులకు ఆ భాగం పనికొస్తుంది. మీ పాప మూడో ఏడాదిలో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రాముకు, శిక్షణ ఇవ్వాలంటే దాన్ని వాడదు. అందుకు కావాల్సింది జీపీయూ, అంటే ఒకేసారి బోలెడు లెక్కలు చేసే గ్రాఫిక్స్ చిప్. అది గూగుల్ కోలాబ్, కాగుల్ అనే వెబ్‌సైట్లలో కొంత పరిమితిలో ఉచితంగా దొరుకుతుంది. బ్రౌజర్, ఇంటర్నెట్ ఉంటే చాలు. 55 వేల ల్యాప్‌టాప్‌లోనూ అవి ఉంటాయి. ఇంకో జాగ్రత్త: ఈ ముద్ర ఉన్నవాటిలో కొన్ని ఫోన్లలో వాడే రకం స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వస్తాయి. బ్యాటరీ బాగా వస్తుంది కానీ, పాత ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని వాటి మీద మొరాయిస్తాయి.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా ఉండే మాట. షోరూమ్‌లో మీకు అమ్మజూపిన 'ఏఐ' అన్న పేరునే, అంతకుముందు కాలేజీ ఆఫీసులో ఒకసారి మీకు అమ్మారు. 2019లో ఐఐటీ హైదరాబాద్ ఏఐలో బీటెక్ మొదలుపెట్టినప్పుడు సీట్లు ఇరవై. అక్కడ ఏఐ మీద పనిచేస్తున్న అధ్యాపకులు ఉన్నారు కాబట్టి ఆ కోర్సు పెట్టారు. తర్వాత మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీల బోర్డుల మీద ఆ పేరు ఎంత వేగంగా ఎక్కిందో మీరూ చూశారు. బ్రాంచిలో ఇన్నే సీట్లు ఉండాలన్న గరిష్ఠ పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి) ఎత్తేశాక, బాగా అమ్ముడుపోయే బ్రాంచిలో సెక్షన్లు పెంచుకోవడానికి కాలేజీలకు దారి దొరికింది. సెక్షన్లు ఒక్క ఏడాదిలో పెంచవచ్చు. మెషీన్ లెర్నింగ్ చెప్పగలిగిన అధ్యాపకులను ఒక్క ఏడాదిలో తయారుచేయలేం. చాలాచోట్ల నిన్నటిదాకా డేటాబేస్ చెప్పిన వాళ్లే ఇవాళ డీప్ లెర్నింగ్ కూడా చెబుతున్నారు. వాళ్లనూ తప్పు పట్టలేను, రాత్రిపూట యూట్యూబ్ చూసి పొద్దున పాఠం చెప్పేవాళ్లు నాకు తెలుసు. మీరు కట్టే అదనపు ఫీజు మాత్రం ఆ బోర్డు మీది పేరుకే.

సీటు తీసుకున్నారు కాబట్టి మిమ్మల్ని భయపెట్టాలని ఇదంతా చెప్పడం లేదు. మొదటి రెండేళ్ల సిలబస్ మామూలు సీఎస్ఈతో చాలావరకు కలుస్తుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ భాగం సీఎస్ఈనీ, దాని పిల్ల బ్రాంచిలనూ ఒకే వరసలో కూర్చోబెట్టి, డేటా స్ట్రక్చర్లు అడుగుతాయి, ప్రోగ్రాము రాయమంటాయి, ఆప్టిట్యూడ్ పెడతాయి. అక్కడ బ్రాంచి పేరు చివర ఏముందో ఎవరికీ పట్టదు. మంచికీ చెడుకీ ఇదే నిజం. ఏఐ అన్న పేరు వల్ల ఉద్యోగం రాదు, ఆ పేరు వల్ల పోదు కూడా. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ బాగా వచ్చి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చెయ్యి తిరిగితే ఈ బ్రాంచి వాళ్లు నిలబడతారు. వీటిలో దేనికీ టచ్ స్క్రీన్ అక్కర్లేదు.

మీరు ఏమీ అనుకోనంటే ఒకటి అడుగుతాను. మీ ఉత్తరంలో మీ బావమరిది అభిప్రాయం ఉంది, సేల్స్ అబ్బాయి అభిప్రాయం ఉంది, మీ భయం ఉంది. మీ పాప అది ఎందుకు కావాలందో ఒక్క ముక్క లేదు. అడిగారా? నోట్సు పెన్నుతో రాసుకుంటే తనకు బాగా గుర్తుంటుందేమో. బొమ్మలు గీయడం ఇష్టమేమో. వాట్సాప్ గ్రూపులో స్నేహితురాలు తన ల్యాప్‌టాప్ ఫొటో పెట్టిందేమో. మూడూ వేర్వేరు సంగతులు, మూడింటికీ జవాబు వేరు. అలాగే ఆ కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న ఒక్క అమ్మాయితోనైనా మాట్లాడారా? 'డబ్బుకు వెనకాడటం లేదు' అని రాశారు. మేనేజ్‌మెంట్ సీటుకు కట్టినవాళ్లు ఆ మాట రాస్తే నాకు బెంగగా ఉంటుంది. ఇంట్లో ఖర్చు పెరిగేకొద్దీ పిల్ల మీద బరువు పెరుగుతుంది. 'నీ కోసం లక్ష పెట్టి కొన్నాం' అన్న మాట మొదటి సెమిస్టర్ మార్కులు వచ్చిన రోజు ఎవరో ఒకరి నోటి నుంచి వస్తుంది. మీరు అనకపోతే బావమరిది గారు అంటారు.

నా సలహా 55 వేలదే. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, తేలికగా నొక్కుకునే కీబోర్డు చూసుకోండి. 8 జీబీది అంటగట్టబోతే, తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో లేదో కనుక్కోండి. పల్చటి కన్వర్టిబుల్స్‌లో ర్యామ్ చాలావరకు బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచే వీలుండదు. వాటిలో స్క్రీన్, గాజు కలిసే ఉంటాయి కనుక పగిలితే మార్పిడి ఖర్చు మామూలు వాటికన్నా చాలా ఎక్కువ. మామూలు వారంటీలో పగుళ్లు రావు. నో కాస్ట్ ఈఎంఐ అన్నారంటే బిల్లు పూర్తిగా చదవండి. వడ్డీని డిస్కౌంట్‌గా చూపించినా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. చదువుకు బ్యాంకు రుణం తీసుకుంటున్నట్లయితే, కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును అందులో చేర్చమని అడగవచ్చు.

పెన్నుతో రాయాలనే కోరిక నిజమైనదే అయితే దానికీ మార్గముంది. యూఎస్‌బీ తీగతో ఏ ల్యాప్‌టాప్‌కైనా తగిలించుకునే పెన్ ట్యాబ్లెట్లు వాకామ్, ఎక్స్‌పీ-పెన్ లాంటి కంపెనీలవి కొన్ని వేలల్లోనే దొరుకుతాయి. పలక మీద గీస్తే స్క్రీన్ మీద పడుతుంది. చూపు ఒకచోట, చెయ్యి ఒకచోట ఉండటం మొదట్లో తికమకగా ఉంటుంది, వారం పది రోజుల్లో కుదురుకుంటుంది. డిజైన్ కోర్సుకో, ఆర్కిటెక్చర్‌కో వెళ్లే పిల్ల అయితే నేను ఇంకోలా చెప్పేవాణ్ని. అక్కడ పెన్ను పనిముట్టే.

తొందర కూడా లేదు. క్లాసులు మొదలయ్యాక నెల, రెండు నెలలు ల్యాబ్ కంప్యూటర్లతో నడిచిపోతుంది. సీనియర్లు ఏం వాడుతున్నారో, ఏ సాఫ్ట్‌వేర్ అడుగుతున్నారో పాపకే తెలుస్తుంది. దసరా, దీపావళి ఆఫర్లప్పుడు కొనండి. ఈసారి బావమరిది గారిని ఇంట్లోనే ఉండమనండి. మీరు కుర్చీలో కూర్చుని, బేరం పాపనే మాట్లాడనివ్వండి. బిల్లు, వారంటీ తన పేరు మీదే రాయించండి, రేపు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయాల్సింది తనే కదా.