నరాల నొప్పికి స్టిమ్యులేటర్: ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మా ఆవిడకు 46 ఏళ్లు. డిస్కు ఆపరేషన్ అయ్యాక కూడా ఎడమ కాల్లో మంట, షాకు కొట్టినట్టు నొప్పి తగ్గలేదు. మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. వెన్నులో స్టిమ్యులేటర్ (సన్నటి కరెంటుతో నొప్పి సంకేతాలను తగ్గించే పరికరం) పెట్టాలి, 11 లక్షలవుతుందంటున్నారు. కంపెనీ బీమా 5 లక్షలు, ఎఫ్‌డీ 4 లక్షలు, కొంత బంగారం ఉన్నాయి. ఖమ్మంలో ప్లాటు అమ్మేయమంటారా?

జవాబు: ఇప్పుడే అమ్మకండి. ఈ చికిత్స రెండు విడతల్లో జరుగుతుంది. ముందు సన్నటి తీగలను వెన్నుపాము దగ్గర అమర్చి, పరికరాన్ని ఒంటి బయటే ఉంచి సుమారు వారం చూస్తారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే సాధారణంగా పరికరాన్ని చర్మం కింద పెడతారు. తగ్గకపోతే తీగలు తీసేస్తారు, పెద్ద ఖర్చు తప్పినట్టే. అందుకే ఆసుపత్రిని రెండు విడతలకూ వేర్వేరు ఎస్టిమేట్లు అడగండి. ఆ వారమంతా ఆమె ఎంతసేపు నిలబడి వంట చేయగలిగారో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టిందో రోజూ రాసిపెట్టండి. లక్షలు పెట్టాలా వద్దా అన్నది ఆ కాగితం చూసి డాక్టరుతో మాట్లాడాకే తేల్చుకోండి.

బీమా విషయంలో నోటిమాట నమ్మొద్దు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, బీమాలో కవర్ చేయాలని చెప్పిన ఆధునిక చికిత్సల జాబితాలో ఉన్నది మెదడుకు చేసే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. వెన్నుపాముకు చేసేది అందులో లేదు. అంతమాత్రాన క్లెయిమ్ రాదని కాదు, మీ పాలసీ షరతులను బట్టి ఉంటుంది. పరికరం పేరు, ధరతో సహా ముందే టీపీఏకు (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు) పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. గది అద్దె పరిమితి దాటితే బిల్లులో కోత పడుతుంది కానీ, ఇంప్లాంట్ ధరకు ఆ కోత వర్తించదు. వేస్తే గట్టిగా అడగండి. ఇప్పుడు కొత్త పాలసీ కొన్నా, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

బ్యాటరీ గురించి చాలామంది అడగరు, నాకు అదే బాధ. ఛార్జింగ్ అవసరం లేనిది కొన్నేళ్లకే అయిపోతుంది, మార్చాలంటే మళ్లీ ఆపరేషన్, మళ్లీ ఖర్చు. ఛార్జింగ్ చేసుకునేది ఖరీదెక్కువైనా దాదాపు పదేళ్లు వస్తుంది. ఆమె వయసుకు రెండోదే లెక్కకు వస్తుందని నా అభిప్రాయం. పరికరం ఒంట్లో ఉండగా ఎంఆర్ఐకి వీలవుతుందా అన్నదీ కనుక్కోండి.

బీమా మొత్తం వస్తే ఇంకా కావలసింది 6 లక్షలు. ఎఫ్‌డీలో లక్ష ఇంటి అవసరాలకు ఉంచి 3 లక్షలు తీయండి, మిగతాది పీఎఫ్ అడ్వాన్స్ లేదా బంగారంపై రుణం. క్లెయిమ్ నిరాకరిస్తేనే ప్లాటు బేరానికి పెట్టండి.