రక్షణ వ్యయం కోసం లోటు నిబంధనలను సడలించాలా? ఒక అపార్ట్‌మెంటు కోశాధికారి జవాబు

జర్మనీ, ఐరోపా సమాఖ్య చేసినట్లు మన దేశం కూడా రక్షణ వ్యయాన్ని లోటు పరిమితి (రాబడికి మించి ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టవచ్చన్న హద్దు) నుంచి తప్పించాలా అని అడిగారు. నేను ఆర్థికవేత్తను కాను. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్ల సంఘానికి ఆరేళ్లు పద్దులు రాసినవాణ్ని. ఈ విషయంలో నాకు కావలసినంత పాఠం ఆ పుస్తకమే చెప్పింది.

మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే తప్ప కార్పస్ ఫండ్‌ను, అంటే సంఘం దాచుకున్న నిల్వ డబ్బును, ముట్టరాదన్నది మా నియమం. 2022లో సెల్లార్‌లోంచి రెండు బండ్లు పోయాయి. ఆ ఆదివారం సమావేశంలో ఒక పెద్దాయన "భద్రతకు కూడా లెక్కలేమిటండీ" అనేసరికి, భద్రత ఖర్చుకు ఆ నియమం వర్తించదని తీర్మానించాం. మినిట్స్ రాసింది నేనే. మొదట కెమెరాలు, రాత్రి కాపలాకు రెండో మనిషి వచ్చారు. ఆపైన ప్రహరీకి తెల్లరంగు (గోడ ఎక్కేవాడు కనబడాలట), గేటు పక్కన పూలకుండీలు, వాచ్‌మన్ గదికి కూలర్ అన్నీ ఆ పద్దులోకే చేరాయి. అడిగినందుకు నాకు పిసినారి అన్న పేరు మిగిలింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ముంచెత్తినప్పుడు బోరు మోటారు, ప్యానెల్ బోర్డు, లిఫ్టు గుంత మునిగిపోయాయి. నీరు తీశాక మెకానిక్ అడ్వాన్సు అడిగిన రోజు మా ఖాతాలో పదకొండు వేల చిల్లర ఉంది. ఎత్తున బిగించిన కెమెరాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

అందుకే జర్మనీ వార్త చదివినప్పుడు నా చూపు మొత్తం మీదికి కాక పద్దు పేరు మీదికి పోయింది. 2025 మార్చిలో ఆ దేశం రాజ్యాంగాన్ని సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చును రుణ పరిమితి లెక్కలోంచి తీసేసింది. పౌర రక్షణ, గూఢచార సంస్థలు, సైబర్ భద్రత కూడా ఆ పద్దులోకే వచ్చాయి. దానికి పై హద్దు లేదు. ఐరోపా సమాఖ్య సభ్యదేశాలకు ఇచ్చిన వెసులుబాటు ఇంతకంటే నయం: ఏటా జీడీపీలో 1.5 శాతం వరకే, అదీ నాలుగేళ్లే.

మనకైతే కొత్తగా తలుపు తెరవనక్కరలేదు. జాతీయ భద్రత, యుద్ధం వంటి కారణాలతో లోటు లక్ష్యాన్ని జీడీపీలో 0.5 శాతం మేరకు దాటే వీలు 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టానికి చేసిన 2018 సవరణలోనే ఉంది. చట్టం చెప్పిన లక్ష్యం 3 శాతం కాగా 2025-26 బడ్జెట్ అంచనాయే 4.4 శాతం; ఎవరూ ఆగని గీతను చెరపడం దేనికో నాకు అర్థం కాదు. ఆ ఏడాది రక్షణకు కేటాయించిన 6.81 లక్షల కోట్లలో దాదాపు 1.6 లక్షల కోట్లు పింఛన్లే. అవి ఇచ్చి తీరవలసినవే, గుంటూరులో మా చిన్నాన్నగారి ఇల్లు ఆ పింఛనుతోనే నడుస్తోంది. కాని పద్దు మొత్తానికి మినహాయింపు ఇచ్చేసి, తెచ్చిన అప్పంతా ఫిరంగులకే పోతుందనుకోవడం అమాయకత్వం.

సడలించక తప్పదంటే ఏ వస్తువుకు, ఎంత, ఎన్నాళ్లు అన్నది ముందుగా రాయించాలి. మా తీర్మానంలో ఆ మూడూ లేవు. మొన్నటి సమావేశంలో దాన్ని రద్దు చేద్దామన్నాను. "అయితే కెమెరాలు పీకేయమంటారా మాస్టారూ" అని అడిగారు.