వానలతోనా, వానల వల్లనా, వానలు పడతాయనా?

సందేహం: నిజామాబాద్ జిల్లాలో సోయా రైతుల ఫోన్లకు రోజూ మార్కెట్ మెసేజీలు పంపే చోట పనిచేస్తున్నాను. ఇంగ్లిషులో వచ్చిన వార్తను తెలుగులో రెండు మూడు వాక్యాల్లో రాయడం నా పని. మొన్న ‘బ్రెజిల్‌లో వర్షాలతో షికాగోలో సోయా ధర పడింది’ అని రాశాను. ‘వర్షాలతో’ తప్పు, ‘వర్షాల వల్ల’ అనాలని మా సార్ దిద్దారు. పేపర్లలో ‘వర్షాల నేపథ్యంలో’ అని కూడా కనిపిస్తోంది. ఏది ఒప్పు? ‘ధర పడింది’ అనొచ్చా?

సమాధానం: ‘వర్షాలతో’ తప్పు కాదు. మీ సార్ పెట్టిన ‘వర్షాల వల్ల’ కూడా తప్పు కాదు. మీ వాక్యంలో చిక్కు వేరే చోట ఉంది. ముందు ఈ రెండింటి సంగతి చూసి అక్కడికి వస్తాను.

పాత వ్యాకరణం చేత, చే, తోడ, తో అనేవాటిని తృతీయా విభక్తిలోనూ, వలన, కంటె, పట్టి అనేవాటిని పంచమీ విభక్తిలోనూ చేర్చింది. కారణం చెప్పడానికి ‘వలన’ ఉందని బడిలో నేర్చుకున్నవాళ్లకు ‘తో’ కనబడగానే చెయ్యి దిద్దడానికి పోతుంది. కానీ ‘జ్వరంతో పడుకున్నాడు’, ‘ఆకలితో నకనకలాడుతున్నాడు’, ‘భయంతో వణికిపోయింది’ అని మనమందరం అంటాం. ఇవన్నీ కారణాలే. ఒక్కటి గమనించండి. జ్వరమూ, పడుకోవడమూ ఒకే మనిషివి. భయం ఎవరిదో వణుకూ వాళ్లదే. ‘తో’ అంటేనే తోడు. కారణం ఫలితానికి తోడుగా అక్కడే ఉన్నప్పుడు అది చక్కగా అతుకుతుంది. మీ వాక్యంలో వాన బ్రెజిల్‌లో పడుతోంది, ధర అమెరికాలో తగ్గుతోంది. ఆ దూరమే మీ సార్ చెవికి తేడాగా తగిలి ఉంటుంది. ‘వల్ల’కు ఆ ఇబ్బంది లేదు, కారణం ఎంత దూరాన ఉన్నా మోసుకొస్తుంది.

‘వర్షాలతో’ వేరు, ‘వర్షాలు పడటంతో’ వేరు. ‘వాన పడటంతో ఆట ఆగిపోయింది’ అన్నప్పుడు కారణంతో పాటు ‘వెంటనే’ అన్న అర్థం కూడా వస్తుంది. మార్కెట్ వార్తకు ఇది బాగా పనికొస్తుంది. కబురు అందిన నిమిషాల్లో ధర కదిలే చోటు కదా అది.

‘నేపథ్యంలో’ మాత్రం వదిలేయండి. నాటకంలో తెర వెనక వేషాలు వేసుకునే చోటును నేపథ్యం అంటారు. వానలు తెర వెనక ఉన్నాయి, ధర తెర ముందు ఉంది, రెండింటికీ సంబంధం ఏమిటో పాఠకుడే ఊహించుకోవాలి. కారణమో కాదో తేల్చి చెప్పడం ఇష్టం లేనప్పుడు రాసేవాళ్లు ఈ మాట చాటుకు వెళతారని నా అభిప్రాయం. మీ మెసేజి చదివే రైతు దాన్ని బట్టి సరుకు ఇవాళ అమ్మాలా, వారం ఆగాలా అని తేల్చుకుంటాడు. ఆయనకు చాటుమాటలు చెప్పకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. షికాగోలో ధర దిగిన ఆ రోజుకి బ్రెజిల్‌లో నిజంగా వాన పడిందా? ఇంగ్లిషు వార్తను మళ్లీ తీసి చూడండి. వాన పడే సూచన ఉందని మాత్రమే అందులో ఉండొచ్చు. షికాగోలో ధర అంటే అక్కడి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే సరుకుల మార్కెట్‌లో పలికే ధర. ఆ మార్కెట్ 1848లో మొదలైంది. అక్కడ పెద్ద ఎత్తున జరిగేది వాయిదా వ్యాపారం. ఇంకా చేలో ఉన్న గింజకు, ఒక్కోసారి ఇంకా విత్తని గింజకు కూడా ఇవాళే ధర కడతారు. సోయాలో ఒక్కో కాంట్రాక్టు 5,000 బుషెళ్లు, బుషెల్ అంటే సుమారు 27 కిలోలు. రాబోయే పంట మీద బేరం కాబట్టి రాబోయే వాన మీదే అందరి చూపూ ఉంటుంది. రానున్న పది పదిహేను రోజుల వాతావరణ అంచనా మారితే చాలు, చేలో చుక్క పడకముందే ధర కదులుతుంది.

ఈ పనికి తెలుగులో ‘అని’ ఉంది. ఇంత చిన్న మాట ఇంత బరువు మోయడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ‘వానలు పడి ధర తగ్గింది’ అంటే వాన జరిగిపోయిన సంగతి. ‘వానలు పడతాయని ధర తగ్గింది’ అంటే అది ఇంకా మనుషుల మనసుల్లోనే ఉంది. ‘వానలు పడవేమోనని ధర పెరిగింది’ అంటే అది భయం. ఇంగ్లిషు వార్తల్లో ఆశలు, భయాలు, అంచనాలు అంటూ వేరువేరు నామవాచకాలు వస్తాయి. వాటిని మక్కీకి మక్కీ దింపి ‘వర్షాభావ భయాల మధ్య ధరలకు మద్దతు లభించింది’ అని రాస్తుంటారు. ‘వానలు పడవేమోనని ధర ఎక్కింది’ అంటే అదంతా వచ్చేస్తుంది.

2023 నవంబరులో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల తీరు మారడం) ఏడాది కావడంతో బ్రెజిల్‌లో సోయా ఎక్కువగా పండే మాటో గ్రోసో రాష్ట్రంలో ఎండలు మండాయి. పంట పోతుందేమోనని షికాగోలో ధర ఎక్కింది. తర్వాత వానలు వస్తాయని దిగడం మొదలుపెట్టింది. లెక్క తేలేసరికి బ్రెజిల్ పంట అంతకు ముందు ఏడాది కన్నా తగ్గింది. అయినా ధర తిరిగి పైకి లేవలేదు. పక్కనున్న అర్జెంటీనాలో అంతకు ముందు ఏడాది కరువుతో కుప్పకూలిన పంట మళ్లీ కోలుకుంది మరి. ఈ కథను ‘వర్షాల వల్ల’ అన్న రెండు మాటల్లో ఇరికిస్తే రైతుకు ఏం తెలుస్తుంది? ‘బ్రెజిల్‌లో పంట తగ్గినా, అర్జెంటీనాలో పెరుగుతుందని ధర దిగింది’ అనాలి. ఆ ‘తగ్గినా’లోని దీర్ఘం చాలా వాక్యాలను కాపాడుతుంది.

అలాగని ‘వల్ల’ వాడే రోజులు లేవని కాదు. 2012 వేసవిలో అమెరికా మధ్య రాష్ట్రాల్లో చేలు కళ్లెదుటే ఎండిపోయాయి. మొక్కజొన్న బుషెల్ 8 డాలర్లు, సోయా 17 డాలర్లు దాటాయి. అక్కడ ‘కరువు వల్ల’ అని ధైర్యంగా రాయొచ్చు.

వాతావరణానికే కాదు, సర్కారు కబుర్లకూ ఇదే పద్ధతి. 2022 మార్చిలో మన దేశంలో గోధుమ గింజ పాలు పోసుకునే వేళకు ఎండలు ముదిరాయి. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. అది శుక్రవారం. సోమవారం షికాగోలో గోధుమ ధర ఒక్క రోజులో ఎంతవరకు పెరగనిస్తారో అంతవరకూ పెరిగి ఆగింది. ‘ఎండల వల్ల పంట తగ్గింది. పంట తగ్గడంతో కేంద్రం ఎగుమతి ఆపేసింది. ఎగుమతి ఆగిపోయిందని ధర పెరిగింది.’ మూడు వాక్యాలు, మూడు వేరువేరు అతుకులు. ఒకదాని చోట మరొకటి పెట్టి చదవండి, ఎక్కడ కుంటుతుందో మీకే తెలుస్తుంది.

‘అని’కి చెల్లెలు ‘అట’. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆ వారంలోనే అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి, ‘నాన్నా, బియ్యం ఆపేశారట, సోనా మసూరి నాలుగు సంచులు తెచ్చుకున్నాం, షాపులో క్యూ చూస్తే టెన్షన్ వచ్చింది’ అంది. షాపులో అప్పటికే ఉన్న సరుకు నిషేధానికి ముందు ఓడెక్కి వచ్చిందే. కొన్నవాళ్లందరూ ‘అట’ని కొన్నారు. ‘నిషేధం వల్ల క్యూ కట్టారు’ అని రాస్తే తప్పేమీ లేదు కానీ, ‘ఇక దొరకదేమోనని క్యూ కట్టారు’ అంటే ఆ షాపు కళ్లకు కడుతుంది.

ఇంకొకటి. అమెరికా వ్యవసాయ శాఖ నెలనెలా ప్రపంచ పంటల లెక్క విడుదల చేస్తుంది. మనకు రాత్రి తొమ్మిదిన్నరకో, అక్కడి చలికాలంలో పదిన్నరకో అందుతుంది. మర్నాడు ‘సోయా దిగుబడి పెరిగింది, ధర కూడా పెరిగింది’ అన్న వార్త చూసి మీ రైతు తికమక పడతాడు. ఇక్కడ ఎగిరిపోయిన మాట ‘అనుకున్నంత’. దిగుబడి పెరిగింది గానీ వ్యాపారులు అనుకున్నంత పెరగలేదు, అందుకే ధర ఎక్కింది. ఇంగ్లిషు వార్తలో ఈ మాట ఎక్కడో మూడో పేరాలో ఉంటుంది. వెతికి తెచ్చి మొదటి వాక్యంలో పెట్టండి.

ఇక ‘ధర పడింది’. అనొచ్చు, జాగ్రత్తగా. ‘బస్తా మూడు వేలు పడింది’ అంటే అంత ఖర్చయిందని. ‘ఈసారి మంచి ధర పడింది’ అంటే గిట్టుబాటయిందని. ఉత్త ‘ధర పడింది’ అంటే తగ్గిందని. మూడు అర్థాలున్న మాటను మూడు వాక్యాల మెసేజిలో ఎందుకు? పైగా పక్కనే ‘వానలు పడటం’ ఉంది. ‘ధర దిగింది’ అనండి, అయోమయం ఉండదు. అంకె చెప్పేటప్పుడు ‘పలికింది’ అనండి. ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున్నే జెండా పాట, అంటే వేలం, పాడతారు, ఆ పాటలో ధర పలుకుతుంది. నోటితో పాడిన ధర కాబట్టి ఆ మాట అక్కడ ఒదిగిపోయింది. షికాగోలో ఇప్పుడు కంప్యూటర్ల మీదే బేరాలు జరుగుతున్నా ‘బుషెల్ 11 డాలర్లు పలికింది’ అంటే వినసొంపుగానే ఉంటుంది.

పంచమిలో చెప్పుకున్న ‘పట్టి’ మీకు ఉపయోగపడుతుంది. పూర్వం అది కారణానికి గుర్తు. ఇప్పుడు ‘బట్టి’గా మారి, ఒకదాని వెంట ఇంకొకటి కదలడాన్ని చెబుతోంది. ‘ముడి పామాయిల్ ధరను బట్టి గెలల ధర’ అని అశ్వారావుపేట వైపు తోటల రైతులు రోజూ అనుకునే మాటే. డాలరు సంగతి రాయాల్సి వస్తే ఇదే వాడండి. ‘డాలరు విలువను బట్టి అమెరికా గింజకు గిరాకీ ఉంటుంది’ అంటే, డాలరు బలపడితే బయటి దేశాలవాళ్లకు ఆ సరుకు ప్రియమవుతుందని విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘బ్రెజిల్‌లో వచ్చే వారం వానలు పడతాయన్న సూచన రావడంతో షికాగోలో సోయా ధర దిగింది.’ మీ ‘తో’ ఇందులో ఉంది. వారం తర్వాత అక్కడ నిజంగా కురిసి, ధర ఇంకా దిగితే అప్పుడు మీ సార్ చెప్పిన ‘వానల వల్ల’ రాయండి. కురిసినా ధర దిగకపోతే ‘వానలు పడినా’ అని మొదలుపెట్టి, ఎందుకు దిగలేదో కనుక్కుని మిగతా సగం పూర్తి చేయండి.