సెలవుల్లో హాస్టల్ మూసేస్తే మా అమ్మాయి ఎక్కడుండాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, ఈ ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బీఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. డిసెంబరు మధ్య నుంచి దాదాపు నెల రోజులు హాస్టల్ మూసేస్తారని, గది ఖాళీ చేయాలని మెయిల్ వచ్చిందట. రానూపోనూ విమాన ఖర్చు భరించే స్థితిలో మేము లేము. డల్లాస్‌లో మా పెద్దమ్మగారి అబ్బాయి ఉన్నారు. వచ్చి ఉండమంటున్నారు, వారి స్టోర్‌లో కాస్త సాయం చేస్తే నాలుగు డాలర్లు చేతికొస్తాయని కూడా అంటున్నారు. హాస్టల్, బంధువుల ఇల్లు, బయట అద్దె గది, వీటిలో ఏది మేలో చెప్పగలరు. పరాయి దేశంలో ఆడపిల్ల రోడ్డున పడుతుందేమోనని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ అమ్మాయి రోడ్డున పడదు. మిగిలిన విషయాలు ఆ తరువాత మాట్లాడుకుందాం. దసరా దాటిందంటే నాకు ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి, ఎందుకంటే అక్కడి విశ్వవిద్యాలయాలు శీతాకాల సెలవుల నోటీసులు పంపేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నోటీసు మొదటి రెండు వాక్యాలు చదివి పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తారు, తల్లిదండ్రులు బంధువులకు ఫోన్ చేస్తారు, మూడో పేరాలో ఏముందో ఎవరూ చూడరు. ఆ మూడో పేరాలో సాధారణంగా ఉండేది సెలవుల్లో అక్కడే ఉండదలచినవారు ఎలా నమోదు చేసుకోవాలన్న వివరం. విదేశీ విద్యార్థులు, క్రీడా జట్ల సభ్యులు, అసలు ఇల్లంటూ లేని అమెరికన్ పిల్లలు సెలవుల్లో ఎక్కడికీ వెళ్లలేరని ఆ విశ్వవిద్యాలయాలకు తెలుసు. అందుకే చాలాచోట్ల ఒకటి రెండు భవనాలను తెరిచే ఉంచుతారు. దీనినే బ్రేక్ హౌసింగ్ అంటారు. దానికి విడిగా దరఖాస్తు చేయాలి, గడువు తరచుగా నవంబరులోనే ముగుస్తుంది, రోజుకో వారానికో కొంత రుసుము ఉంటుంది, కొన్నిచోట్ల సొంత గది వదిలి తాత్కాలికంగా మరో భవనంలోకి మారవలసి వస్తుంది. మీ అమ్మాయి ఈ రోజే హౌసింగ్ కార్యాలయానికి ఒక మెయిల్, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ఒక మెయిల్ పంపాలి. రుసుము భారమైతే ఆ మాట కూడా దాచకుండా రాయాలి, ఎందుకంటే ఇటువంటి అవసరాలకు చాలా విశ్వవిద్యాలయాల్లో అత్యవసర సహాయ నిధి ఉంటుంది, కానీ అడగనివారికి అది ఉన్న సంగతే తెలియదు.

మీ వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు అమెరికా వెళ్లే ఉంటారు, వారెవరికీ లేని ఇబ్బంది మీకే ఎందుకు వచ్చిందని మీకు అనిపించి ఉండవచ్చు. వారు ఎంఎస్‌కు వెళ్లినవారు. ఎంఎస్ విద్యార్థులు నలుగురైదుగురు కలిసి క్యాంపస్ బయట ఏడాది లీజుకు అపార్ట్‌మెంట్ తీసుకుంటారు కాబట్టి సెలవులు వచ్చినా పోయినా వారి తాళంచెవి వారి దగ్గరే ఉంటుంది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలను మాత్రం చాలా విశ్వవిద్యాలయాలు క్యాంపస్ హాస్టల్‌లోనే ఉండమంటాయి, ఆ హాస్టల్ ఒప్పందం విద్యా సంవత్సరానికే పరిమితం. వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం మీ దగ్గర ఉంటుంది, తీసి చూడండి. అందులో ఖర్చుల అంచనా ఎన్ని నెలలకో అంకె వేసి ఉంటుంది, చాలా వాటిలో అది తొమ్మిదే. మిగిలిన మూడు నెలలు అమ్మాయి ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అన్నది మీ కన్సల్టెన్సీవారు చెప్పి ఉండరు, మీరూ అడిగి ఉండరు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది స్టోర్ మాట. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు సాగుతున్నప్పుడు వారానికి 20 గంటల వరకు, సెలవుల్లో పూర్తి సమయం, క్యాంపస్‌లో మాత్రమే పని చేయవచ్చు. క్యాంపస్ బయట పనికి ప్రత్యేక అనుమతి కావాలి, మొదటి విద్యా సంవత్సరం పూర్తికాకముందు ఆ అనుమతి దొరికే దారి దాదాపు లేదు. గ్యాస్ స్టేషన్‌లో గానీ, మోటెల్‌లో గానీ, ఇండియన్ స్టోర్‌లో గానీ నగదు తీసుకుని నిలబడినంత మాత్రాన అది పని కాకుండా పోదు. మరొకరికి జీతమిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేసిపెట్టినా చిక్కే. మీ అన్నగారు ప్రేమతోనే పిలిచి ఉంటారు, వారిని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఏదైనా తనిఖీ జరిగితే విద్యార్థి హోదా పోయేది వారిది కాదు, మీ అమ్మాయిది. అది పోతే ఈ చదువుతో పాటు ఆ తరువాత రావలసిన పని అనుమతులు, వీసాలు అన్నీ చేజారవచ్చు. ఆ ఇంటికి అతిథిగా వెళ్లి, పది రోజులుండి, పిల్లలతో ఆడుకుని తిరిగి వస్తే ఏ తప్పూ లేదు. కౌంటర్ వెనక్కు మాత్రం వెళ్లకూడదని మీరే ముందుగా, ఇరుపక్షాలకూ స్పష్టంగా చెప్పాలి. పెద్దవారికి ఎలా చెప్పడమని మొహమాటపడితే ఆ మాట చెప్పవలసిన బరువు పద్దెనిమిదేళ్ల పిల్ల మీద పడుతుంది, వారి ఇంట్లో వారి అన్నం తింటూ ఆమె కాదనలేదు.

మరొక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో టికెట్ ఖర్చు మాట ఉంది, అన్నగారి అభిప్రాయం ఉంది, మీ ఇంట్లోవారి నిద్ర సంగతి ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఆమెకు డల్లాస్ వెళ్లాలని ఉందో, స్నేహితురాలి ఇంట్లో ఉండాలని ఉందో, క్యాంపస్‌లోనే ఉండి పుస్తకాలు తిరగేసుకోవాలని ఉందో అడిగారా? రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో పెట్టి, ఫోను వార్డెన్ చేతిలో ఉంచి, లేచే గంట నుంచి పడుకునే గంట వరకు ఎవరో ఒకరు నిర్ణయిస్తుండగా పెంచాము. తరువాత ఒక్కసారిగా విమానం ఎక్కించాము. ఇప్పుడు కూడా తెనాలి నుంచే ఆమె సెలవులు నిర్ణయిస్తే ఆమె ఎప్పుడు నేర్చుకుంటుంది?

ఇంటర్ కాగానే పిల్లలను అమెరికా పంపే ఈ కొత్త మోజు మీద నాకున్న అనుమానాలకు ఈ హాస్టల్ సమస్య ఒక చిన్న ఉదాహరణ మాత్రమే. నాలుగేళ్లకు ఖర్చు కోటి రూపాయలు దాటడం మామూలైపోయింది. ఎంఎస్ అయితే రెండేళ్లలో ముగుస్తుంది, వెళ్లేవారికి ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లు ఉంటాయి, వండుకోవడం, అద్దె కట్టడం, నలుగురితో సర్దుకోవడం కొంతైనా వచ్చి ఉంటుంది. డిగ్రీకి వెళ్లిన పిల్లలు అదే జీవితాన్ని ఏ సన్నాహమూ లేకుండా, నాలుగు శీతాకాలాలు, మూడు వేసవులు గడపాలి. టికెట్టుకు డబ్బు సర్దుబాటు కాని ఇంటి నుంచి అంత పెద్ద అప్పుతో బిడ్డను పంపేటప్పుడు ఏడాదికి ఒక రాకపోక ఖర్చు కూడా లెక్కలో చేర్చాలని నేను ప్రతి తల్లిదండ్రికీ చెబుతాను. చాలామంది వినరు. పక్కింటివారి పిల్ల వెళ్లిందన్న మాట ముందు నా లెక్క నిలవదు. పంపినందుకు ఇప్పుడు మిమ్మల్ని నిందించడం వల్ల ప్రయోజనం లేదు. ఇంట్లో మరో బిడ్డ ఇంటర్ చదువుతూ ఉంటే మాత్రం ఈ పేరా మళ్లీ చదవండి.

బయట అద్దె గది సంగతి క్లుప్తంగా చెబుతాను. నెల రోజుల కోసం తెలియనివారి దగ్గర గది వెదకడం ఈ మూడింటిలో నాకు అన్నిటికన్నా నచ్చని దారి. గది చూడకుండా, ఇంటి యజమాని రాతపూర్వక అనుమతి చూడకుండా అడ్వాన్సు పంపి మోసపోయే పిల్లలు ఎక్కువగా ఇటువంటి తొందరలోనే దొరుకుతారు. సీనియర్ విద్యార్థిని ఎవరైనా ఊరెళుతూ తన గది ఇస్తానంటే అది వేరు.

ఖాళీ హాస్టల్‌లో ఆడపిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందన్నదే మీ అసలు భయమని నాకు అర్థమైంది. ఆ భవనంలో ఆమె ఒక్కతే ఉండదు. చైనా, నేపాల్, వియత్నాం పిల్లలు ఉంటారు, మన పిల్లలూ ఉంటారు. క్యాంపస్ పోలీసు సెలవుల్లోనూ పనిచేస్తుంది. మెస్ సాధారణంగా మూసి ఉంటుంది గనుక వంటగది ఉన్న భవనం కావాలని మెయిల్‌లో అడగాలి, మంచు కురవకముందే బియ్యం, పప్పు తెచ్చి పెట్టుకోవాలి. క్యాంపస్‌లో ఏ లైబ్రరీలోనో, కార్యాలయంలోనో సెలవు రోజుల పని దొరికితే అది చట్టబద్ధమైన సంపాదన, బ్రేక్ హౌసింగ్ రుసుములో కొంతైనా దానితో తీరుతుంది. సంక్రాంతికి పిల్ల ఇంట్లో ఉండదన్న బాధ కూడా మీకు ఉండవచ్చు. టికెట్టు కొనగలిగినా ఆ కోరిక తీరేది అనుమానమే, ఎందుకంటే చాలా విశ్వవిద్యాలయాల్లో వసంత సెమిస్టరు తరగతులు మొదలయ్యేది పండుగకు కాస్త అటూ ఇటూగానే.

డిసెంబరు కన్నా మే నెల గురించి ఎక్కువ ఆలోచించండి. వేసవి సెలవులు మూడు నెలలు దాటుతాయి, అప్పుడు మొదటి సంవత్సరం గది పూర్తిగా వదిలేయాలి. వేసవి తరగతులకు నమోదైనవారికి, వేసవిలో క్యాంపస్‌లో పనిచేసేవారికి చాలాచోట్ల గదులు ఇస్తారు, కానీ ఆ దరఖాస్తులు వసంతంలోనే ముగుస్తాయి. చిరునామా మారితే పది రోజుల్లోగా విశ్వవిద్యాలయానికి తెలియజేయాలన్న నిబంధన కూడా ఉంది, అది మరిచిపోవద్దని చెప్పండి. రెండో సంవత్సరం గదికి ఫారం నింపేటప్పుడు సెలవుల్లోనూ తెరిచి ఉండే భవనమో, పన్నెండు నెలల ఒప్పందం ఉన్న విశ్వవిద్యాలయ అపార్ట్‌మెంటో ఎంచుకోమనండి. దాని అద్దె పైకి ఎక్కువగా కనిపిస్తుంది. సెలవుల రుసుములు, సామాను నిల్వ ఖర్చు, డల్లాస్‌కు విమాన ఖర్చు ఆ అద్దెతో పోల్చి అమ్మాయినే లెక్క కట్టమనండి, ఆ లెక్క మీరు వేయకండి.