ఉగ్రవాద మూలాలపై పరిశోధన చేయాలంటే ముందు ఒక భాష, ఒక ప్రాంతం ఎంచుకోండి

ప్రశ్న: నేను కర్నూలులో చరిత్ర, రాజనీతిశాస్త్రం ప్రధానాంశాలుగా బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇస్లామిస్టు ఉగ్రవాదం ఎక్కడ పుట్టింది, ఇన్ని దేశాలకు ఎలా పాకింది అనే అంశంపై పరిశోధన చేయాలని ఉంది. ఏ కోర్సులో చేరాలి? ఉద్యోగావకాశాలు ఉంటాయా? అరబిక్ తప్పనిసరిగా రావాలా? ఇలాంటి విషయాలు ఇంటర్నెట్‌లో వెతికితే కేసుల్లో ఇరుక్కుంటానని నాన్నగారు భయపడుతున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?

జవాబు: కోర్సు పేరు చెప్పే ముందు ఒక మాట స్పష్టం చేయాలి. ఉగ్రవాద అధ్యయనం అన్న పట్టా చూపితే మన దేశంలో ఎవరూ నేరుగా ఉద్యోగం ఇవ్వరు. ఈ రంగంలో నిలదొక్కుకున్నవారిని గమనిస్తే ఒకరు అరబిక్ మూలగ్రంథాలు చదవగల చరిత్రకారులు, మరొకరు హవాలా లెక్కల చిక్కుముడులు విప్పగల ఆర్థిక నేరాల నిపుణులు, ఇంకొకరు ఛార్జిషీటులోని లొసుగులను పట్టుకోగల న్యాయవాదులు అయివుంటారు. ముందు అలాంటి నైపుణ్యం ఒకటి సంపాదించినందువల్లనే ఈ అంశంపై వారి మాటకు విలువ వచ్చింది. మీరు ఏ నైపుణ్యంతో ఇందులోకి వస్తారన్నది తేలితే కోర్సు ఎంపిక పెద్ద సమస్య కాదు.

మొదట మాటలను వేరు చేసుకోవాలి. ఇస్లాం ఒక మతం. ఆ మతం ప్రాతిపదికగా రాజ్యాన్నీ చట్టాన్నీ నిర్మించాలనే ఇస్లామిజం 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న రాజకీయ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నమ్మేవారిలో పౌరులపై ఆయుధం ఎత్తిన ఒక భాగమే మీరు అధ్యయనం చేయదలచిన ఉగ్రవాదం. ట్యునీషియాలోని ఎన్నహ్దా ఎన్నికల్లో గెలిచి, 2014లో అధికారాన్ని శాంతియుతంగా వదులుకున్న ఇస్లామిస్టు పార్టీ. అల్‌ఖైదా దృష్టిలో అసలు ఎన్నికలే దైవధిక్కారం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే అలవాటు టీవీ చర్చలకు చెల్లుతుంది గానీ, పరిశోధన ప్రతిపాదనలో కనబడితే పరిశీలకులు అక్కడే పక్కన పెట్టేస్తారు.

మూలాల విషయానికి వస్తే, ఈజిప్టులో సూయజ్ కాలువ ఒడ్డున బ్రిటిష్ సైనిక స్థావరం నీడలో ఉన్న ఇస్మాయిలియా పట్టణంలో 1928లో హసన్ అల్‌బన్నా అనే బడిపంతులు స్థాపించిన ముస్లిం బ్రదర్‌హుడ్ దగ్గర చాలామంది కథ మొదలుపెడతారు. మనకు ఇంకా దగ్గరి కొస ఒకటుంది. నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో 1903లో పుట్టి, 1930లలో హైదరాబాద్ నుంచి పత్రిక నడిపి, 1941లో లాహోర్‌లో జమాతే ఇస్లామీని స్థాపించిన అబుల్ ఆలా మౌదూదీ, సార్వభౌమత్వం దేవునిదే తప్ప ప్రజలది కాదని వాదించారు. మౌదూదీ స్వయంగా పాకిస్తాన్‌లో పార్టీ రాజకీయాలు చేసిన మనిషి. అయితే ఆ ఆలోచనలు అరబిక్‌లోకి వెళ్లి, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ జైళ్లలో చిత్రహింసలు చూసిన రచయిత సయ్యద్ కుతుబ్ చేతిలో మరింత పదునెక్కాయి. ముస్లిం సమాజాలే తిరిగి అజ్ఞానయుగంలోకి జారిపోయాయని, వాటి పాలకులను కూలదోయాలని రాసిన కుతుబ్‌ను 1966లో ఈజిప్టు ప్రభుత్వం ఉరితీసింది. మరుసటి ఏడాది ఇజ్రాయెల్ చేతిలో అరబ్బు దేశాలు ఓడిపోవడంతో నాసర్ జాతీయవాదం వెలవెలబోయింది, ఉరికంబమెక్కిన రచయిత మాటలకు పాఠకులు పెరిగారు.

ఆలోచన ఉన్నంత మాత్రాన ఉద్యమం పుట్టదు. దానికి డబ్బు, స్థలం, యుద్ధం కావాలి. ఆ మూడూ కలిసిన సంవత్సరం 1979. ఇరాన్‌లో విప్లవం వచ్చింది, నవంబరులో సాయుధ ముఠా మక్కా పెద్ద మసీదును ఆక్రమించింది, డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో దిగాయి. 1973 తరువాత పెరిగిన చమురు ఆదాయంతో సౌదీ అరేబియా, తన అంతర్జాతీయ లెక్కలతో అమెరికా, జియా ఉల్ హక్ పాలనలోని పాకిస్తాన్ ఐఎస్ఐ కలిసి పెషావర్‌ను యుద్ధపు పెరడుగా మార్చాయి. అక్కడ పాలస్తీనా పండితుడు అబ్దుల్లా అజ్జామ్ 1984లో అరబ్బు స్వచ్ఛంద యోధుల కోసం తెరిచిన సేవా కార్యాలయం నుంచే 1988లో బిన్ లాడెన్ అల్‌ఖైదా తయారైంది. యుద్ధం ముగిశాక ఆ మనుషులు అల్జీరియాకు, ఈజిప్టుకు, బోస్నియాకు చెదిరిపోయారు. అదే అఫ్ఘాన్ నేలపై శిక్షణ మొదలుపెట్టిన లష్కరే తోయిబా పాకిస్తాన్ అండతో కశ్మీర్ వైపు మళ్లి, 2008 నవంబరులో ముంబైలో 166 మందిని బలితీసుకుంది.

తరువాతి వ్యాప్తిలో సిద్ధాంతం కంటే కూలిపోయిన రాజ్యాల పాత్ర పెద్దదని నేను అనుకుంటాను. 2003లో ఇరాక్‌పై అమెరికా దాడి, ఆ వెంటనే ఇరాకీ సైన్యాన్ని రద్దు చేయడం లేకపోతే 2014లో మోసుల్ మసీదులో ఇస్లామిక్ స్టేట్ (ఐసిస్) నాయకుడు బగ్దాదీ ఖలీఫాగా ప్రత్యక్షమై ఉండేవాడా అన్నది అడగవలసిన ప్రశ్న. 2011లో లిబియా కూలినప్పుడు అక్కడి ఆయుధాలు ఎడారి దాటి మాలీ చేరాయి. నైజీరియాలో బోకో హరామ్ పెరగడానికి ఈశాన్య ప్రాంతపు పేదరికం, పోలీసుల దాష్టీకం ఎంత కారణమో, మతబోధ అంతే కారణం. పండితుల మధ్య కూడా ఇక్కడే పెద్ద తగువు ఉంది. ఫ్రెంచి పండితుడు జిల్ కెపెల్ దీనికి మతధార్మిక సిద్ధాంతమే ప్రధానమంటారు. ఒలివియే రువా మాత్రం తిరుగుబాటు ముందే ఉన్న యువకులు దానికి ఇస్లాం రంగు పులుముకుంటున్నారంటారు. మార్క్ సేజ్‌మన్ స్నేహాలు, బంధుత్వాల ద్వారానే మనుషులు ఈ ముఠాల్లోకి వెళ్తారని చూపారు. నన్నడిగితే ఒక్కో దేశంలో ఒక్కొక్కరి వాదన నిలుస్తుంది. అన్ని దేశాలనూ ఒకే సూత్రంతో వివరించే పీహెచ్‌డీ తలపెట్టకండి.

అందుకే ఒక ప్రాంతం ఎంచుకోమంటున్నాను. భాష దాన్నిబట్టే తేలుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా ఉగ్రవాద దాడుల్లో చనిపోయినవారిలో దాదాపు సగం మంది మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ వంటి సాహెల్ (సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ప్రాంతం) దేశాలవారే, వారిలో అత్యధికులు ముస్లింలే. అక్కడి పత్రికలు, ప్రభుత్వ పత్రాలు ఎక్కువగా ఫ్రెంచిలో ఉంటాయి కాబట్టి, ఆ ప్రాంతం తీసుకునేవారికి అరబిక్ కంటే ఫ్రెంచి ముందు అక్కరకొస్తుంది. మన దేశంలో ఈ పని చేసేవారు చాలా తక్కువ. పాకిస్తాన్ సంస్థలను తీసుకుంటే ఉర్దూ చాలు. కర్నూలులో పెరిగిన మీ చెవికి అది కొత్త కాదు, లిపి ఒకటి నేర్చుకుంటే ఏడాదిలో పత్రిక చదవగలరు, ఆ లిపి రేపు అరబిక్‌కూ దారి వేస్తుంది. సిద్ధాంత చరిత్రే కావాలనుకుంటే మాత్రం అరబిక్ తప్పదు, దానికి మూడు నాలుగేళ్ల ఓపిక కావాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో అరబిక్, ఫ్రెంచి రెండూ ఉన్నాయి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఉస్మానియాలోని అరబిక్, ఇస్లామిక్ స్టడీస్ శాఖలు ఉన్నాయి. 1888 నుంచి అరబిక్ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేస్తున్న దాయిరతుల్ మారిఫ్ ఉస్మానియా ప్రాంగణంలోనే ఉందని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

పీజీకి జేఎన్‌యూలోని అంతర్జాతీయ అధ్యయనాల విభాగం, పుణె, మద్రాసు విశ్వవిద్యాలయాల్లోని రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాల శాఖలు మంచివి. పీజీ తరువాత యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి కనుక ఇంటిపై భారం తగ్గుతుంది. విదేశాల్లో సెయింట్ ఆండ్రూస్, లండన్ కింగ్స్ కాలేజీ పేరున్నవి. స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి అక్కడికి వెళ్లమని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే విదేశీ పౌరులకు ఆ దేశాల భద్రతా సంస్థల్లో ఉద్యోగాలు దాదాపు దొరకవు.

ఉద్యోగాల మాటకొస్తే, ప్రభుత్వ మార్గం అందరికీ తెలిసిందే. సివిల్స్ ద్వారా ఐపీఎస్, ఏ డిగ్రీతోనైనా రాయగల ఇంటెలిజెన్స్ బ్యూరో ఏసీఐఓ (సహాయ కేంద్ర నిఘా అధికారి) పరీక్ష, ఎస్సెస్సీ సీజీఎల్ ద్వారా జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏలో సబ్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఉన్నాయి. ఢిల్లీలోని పరిశోధన సంస్థల్లో ఖాళీలు తక్కువ, తొలి ఏళ్లలో జీతాలూ తక్కువే. విద్యార్థులు పెద్దగా ఆలోచించని తలుపు మరొకటుంది. మనీలాండరింగ్‌ను అడ్డుకోవడానికి 1989లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్‌కు, 2001 సెప్టెంబరు దాడుల తరువాత ఉగ్రవాద నిధులను అరికట్టే బాధ్యత కూడా అప్పగించారు. ఆ ప్రమాణాల వల్ల అనుమానాస్పద లావాదేవీలను పరిశీలించే విభాగం ప్రతి బ్యాంకుకూ అవసరమైంది. హైదరాబాద్‌లోని అంతర్జాతీయ బ్యాంకుల కార్యాలయాల్లో, సామాజిక మాధ్యమ సంస్థలకు హింసాత్మక ప్రచారాన్ని ఏరివేసే బృందాల్లో, భాష, ప్రాంతీయ పరిజ్ఞానం ఉన్నవారికి చోటుంది. రెండో రకం పనిలో రోజంతా రక్తపాతం చూడవలసి రావచ్చు. అది మనసును కుంగదీసే ఉద్యోగమని తెలుసుకునే చేరండి.

ఇక మీ నాన్నగారి భయం. అది నిరాధారమైనది కాదు. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) నిషేధిత సంస్థలో సభ్యత్వాన్ని, దానికి సాయాన్ని, మద్దతు కూడగట్టడాన్ని శిక్షిస్తుంది. అధ్యయనం నేరం కాకపోయినా, ఇంట్లో కూర్చుని సొంత ఫోనులో ఆ ముఠాల టెలిగ్రామ్ ఛానళ్లలో చేరడం, ప్రచార వీడియోలు దింపుకుని స్నేహితులకు పంపడం, మారుపేరుతో వారితో మాట కలపడం మీరు ఎన్నడూ చేయకూడదు. మీ స్థాయిలో వాటి అవసరమూ లేదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం 1970 నుంచి జరిగిన దాడులను నమోదు చేసిన డేటాబేస్, ఢిల్లీ నుంచి నడిచే సౌత్ ఏషియా టెర్రరిజం పోర్టల్, కోర్టు తీర్పులు మీకు ఏళ్ల తరబడి సరిపోతాయి. పీహెచ్‌డీలో మూలపత్రాలు అవసరమైతే పర్యవేక్షకుల లిఖిత అనుమతితో, విశ్వవిద్యాలయ కంప్యూటరుపైనే చూడండి.

తీర్పులను ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి 2016లో ఎన్‌ఐఏ కోర్టు మరణశిక్ష విధించింది, 2025లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. 2007 మే నాటి హైదరాబాద్ మక్కా మసీదు పేలుడులో తొలుత పలువురు ముస్లిం యువకులను పట్టుకున్నారు. తరువాత దర్యాప్తు పూర్తిగా వేరే నిందితుల వైపు మళ్లింది. వారిని కూడా 2018లో ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఒకే నగరంలోని ఈ రెండు కేసులనూ ఈ వేసవిలో పక్కపక్కన పెట్టి చదివి, ఏ సాక్ష్యం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ వీగిపోయిందో పది పేజీల్లో రాయండి. ఆ పది పేజీలూ పీజీ ఇంటర్వ్యూకు పనికొస్తాయి. అంతకంటే ముందు నాన్నగారి చేతికివ్వండి.